ఒంట్లో నీరు తగ్గింది, క్రియాటినిన్ పెరిగింది: ఈ రెండు అంకెలను కలిపి ఎలా చదవాలి?

ప్రశ్న: వైనతేయ తీరం, పి. గన్నవరం దగ్గర

పెద్దలకు నమస్కారం. మా నాన్నగారి వయసు 71 ఏళ్ళు. కొబ్బరితోట, రెండెకరాల వరిచేను ఇప్పటికీ తానే చూసుకునే మనిషి. పదేళ్ళుగా బీపీ, షుగరు ఉన్నాయి; ఆరేళ్ళ కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. పోయిన నెలలో వరసగా నాలుగు రాత్రులు పడుకోలేక, మంచం మీద లేచి కూర్చుని తెల్లవార్లూ గడిపారు. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. దగ్గరి పట్టణంలో చూపిస్తే ఎకో తీసి గుండె పంపింగ్ 35 శాతమే ఉందన్నారు. ఆ రోజు చేసిన రక్తపరీక్షల్లో గుండె తాలూకు అంకె 940, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 వచ్చాయి. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకువెళితే ఐదు రోజులు నరం ద్వారా నీరు తీసే మందు లాసిక్స్ ఇచ్చారు. బరువు 74 కిలోల నుంచి 68కి దిగింది, వాపు తీసింది, ఇప్పుడు ఒక్క దిండు మీదే నిద్రపోతున్నారు.

ఇంటికి పంపించే రోజున ఇచ్చిన కాగితాలు చూశాక మాకు భయం పట్టుకుంది. క్రియాటినిన్ 1.7 అని, కిడ్నీ వడపోత అంకె ఈజీఎఫ్ఆర్ 43 అని, పక్కనే కిడ్నీ జబ్బు స్టేజ్ 3బి అని అచ్చయి ఉంది. గుండె అంకె 2,150. అంటే 940 ఉన్నది రెండింతలకు మించిపోయింది. గుండె డాక్టరుగారేమో చాలా మెరుగుపడ్డారని, మందుల్లో ఒక్కటి కూడా మానవద్దని చెప్పి పంపారు. ఊరికి వచ్చాక మాకు తెలిసిన మరో డాక్టరుగారు అవే కాగితాలు చూసి, కిడ్నీలు దెబ్బతింటున్నాయి కాబట్టి గుండె మందులు, నీరు పోయే మాత్రలు వెంటనే ఆపమన్నారు. శాక్యుబిట్రిల్-వల్సార్టన్, బిసోప్రోలాల్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్, లాసిక్స్ 40 వాడుతున్నారు. బంధువుల్లో కొందరు ఇది ఉద్దానం కిడ్నీ జబ్బులాగా నీళ్ళ వల్ల వచ్చిందేమో అంటున్నారు.

ఒక డాక్టరు గుండెను కాపాడమంటే, మరొకరు కిడ్నీని కాపాడమంటున్నారు. మనిషి ఒక్కరే కదా. గుండె బలహీనపడినప్పుడు కిడ్నీ ఎందుకు దెబ్బతింటుందో, రెండింటి సంగతీ కలిపి చెప్పే పరీక్షలు ఏమున్నాయో, ఎన్‌గాల్, సిస్టాటిన్-సి వంటి కిడ్నీ పరీక్షలు చేయించవలసిన అవసరం ఉందో లేదో తెలిసినవారు దయచేసి వివరించండి. మందులు ఇంకా ఏవీ ఆపలేదు.

జవాబు: ల్యాబ్ బయోకెమిస్ట్, భీమవరం

మందులు ఆపకుండా ముందు అడిగారు, మంచి పని చేశారు. నేను డాక్టరును కాను, పరీక్షల సంగతి వరకే చెబుతాను. ఆ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, అంకెలు కాకుండా వాటి ఎడమవైపున్న పరీక్ష పేరు చదవండి. ఒకదాని మీద బీఎన్‌పీ అని, రెండోదాని మీద ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అని ఉంటుందని నా అనుమానం. అలా ఉంటే 940కీ 2,150కీ పోలికే లేదు. కుంచాలతో కొలిచిన ధాన్యాన్ని బస్తాలతో కొలిచిన ధాన్యం పక్కన పెట్టి ఏది ఎక్కువని అడిగినట్టవుతుంది.

గుండె గదుల గోడలు ఒత్తిడికి సాగినప్పుడు ఆ కండరకణాలు 108 అమైనో ఆమ్లాల ప్రోటీన్ ఒకదాన్ని తయారుచేస్తాయి. అది రెండు ముక్కలుగా తెగుతుంది. 32 అమైనో ఆమ్లాల ముక్క బీఎన్‌పీ. అది పనిచేసే హార్మోను. ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపమని కిడ్నీకి, సడలమని రక్తనాళాలకు చెబుతుంది. అంటే గుండె తన బరువు దించమని కిడ్నీకి పంపే కబురు అది. మిగిలిన 76 అమైనో ఆమ్లాల ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. అది హార్మోనుగా పనిచేయదు, కాని రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. బీఎన్‌పీ సుమారు 20 నిమిషాల్లో సగానికి తగ్గిపోతే, దీనికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. అందువల్ల ఒకే మనిషి దగ్గర ఒకేసారి తీసిన రక్తంలో సైతం రెండో అంకె మొదటిదానికి కొన్ని రెట్లు ఉంటుంది. బీఎన్‌పీని 1988లో జపాన్ శాస్త్రవేత్తలు మొదట పంది మెదడులో కనుగొన్నారు కాబట్టి దాని పేరులో బ్రెయిన్ అనే మాట చేరింది. గుండె పరీక్షకు మెదడు పేరేమిటని మా కౌంటరు దగ్గర అడిగేవారు చాలామంది ఉంటారు, అందుకని చెబుతున్నాను.

మీ నాన్నగారి విషయంలో మరొకటి ఉంది. ఆయన వాడే శాక్యుబిట్రిల్, బీఎన్‌పీని విరగ్గొట్టే నెప్రిలైసిన్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అందుచేత ఆ మందు వాడేవారిలో జబ్బు పెరగకపోయినా బీఎన్‌పీ పెరగవచ్చు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మీద నెప్రిలైసిన్ పనిచేయదు కనుక ఇకమీదట ఎప్పుడు చేయించినా అదే పరీక్షను, వీలైనంతవరకు అదే ల్యాబులో చేయించండి.

అయితే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి ఒక ఇబ్బంది ఉంది. అది శరీరం నుంచి బయటకు పోయే దారుల్లో కిడ్నీ ముఖ్యమైనది. కిడ్నీ మందగిస్తే గుండె పరిస్థితి మారకపోయినా ఆ అంకె కొంత పైకి జరుగుతుంది. ఆయాసంతో అత్యవసరంగా వచ్చినవారిలో 300 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే గుండె వైఫల్యం కాదని దాదాపు నిశ్చయించవచ్చు. ఉందని అనుకోవడానికి 50 ఏళ్ళలోపువారికి 450, 50 నుంచి 75 మధ్యవారికి 900, ఆపై వయసువారికి 1,800 హద్దులుగా వాడతారు. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ ఉన్నవారికి 1,200 హద్దుగా సూచించినవారున్నారు. స్థూలకాయం ఉన్నవారిలో ఈ అంకె తక్కువగా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్నవారిలో ఎక్కువగా వస్తుంది. ఇన్ని సవరణలు ఉండడం వల్లనే ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకుండా, ఆ మనిషి అంకెను ఆ మనిషి పాత అంకెతోనే పోలుస్తారు. చేరిన రోజుతో పోలిస్తే ఇంటికి వెళ్ళే రోజుకు 30 శాతం తగ్గడం మంచి సూచనగా తీసుకుంటారు. మీకు చేరిన రోజు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ లేదు కాబట్టి ఈ 2,150నే ఆధారంగా పెట్టుకుని ముందుకు వెళ్ళాలి.

క్రియాటినిన్ గురించి కూడా రెండు మాటలు. అది కండరం నుంచి పుట్టే పదార్థం. ముందురోజు రాత్రి మాంసం కూర బాగా తింటే మర్నాడు కొంచెం ఎక్కువ రావచ్చు. మా ప్రాంతంలో చాలా ల్యాబులు జాఫే పద్ధతిలో చేస్తాయి, కొన్ని ఎంజైమ్ పద్ధతిలో చేస్తాయి. రెండుచోట్ల చేసిన ఫలితాల మధ్య 0.1, 0.2 తేడా వస్తే దాన్ని కిడ్నీ తేడాగా లెక్కించకూడదు. 1.3 నుంచి 1.7 అంటే అంతకంటే ఎక్కువే, అది నిజమైన పెరుగుదలే అనుకుంటాను. దాని అర్థం ఏమిటన్నది డాక్టర్లు చెప్పాలి.

జవాబు: పాలకొల్లు నుంచి ఒక కూతురు

మూడేళ్ళ కిందట మా అమ్మను చూసుకున్న అనుభవంతో రాస్తున్నాను. ఆవిడకూ గుండె బలహీనత, దానితోపాటు క్రియాటినిన్ 1.6 దగ్గర ఉండేది. కాళ్ళ వాపుతో మొదలై పొట్టలో నీరు చేరింది. పొట్ట ఉబ్బుతోందని చేసిన పరీక్షల్లో సీఏ-125 అనేది 180 వచ్చింది; 35 లోపు ఉండాలని కాగితం మీద ఉంది. అది అండాశయం క్యాన్సరు పరీక్ష అని ఎవరో చెప్పగానే ఇంట్లో అందరం కుప్పకూలిపోయాం. స్కానింగులో అండాశయాలు బాగానే ఉన్నాయి. తరవాత గుండె డాక్టరుగారు చూసి, నీరు పట్టినవారిలో ఇది పెరుగుతుందని, నీరు తీశాక మళ్ళీ చేద్దామని అన్నారు. రెండు నెలల తరవాత చేస్తే 42 వచ్చింది. ఆ రెండు నెలలూ మేం పడ్డ బాధ పగవాళ్ళకు కూడా వద్దు. ఇది నిజంగా గుండెకు సంబంధించిన సూచికేనా, మా అమ్మ విషయంలో యాదృచ్ఛికంగా జరిగిందా అని ఇక్కడి డాక్టర్లు చెబితే తెలుసుకోవాలని ఉంది.

మీకు నేను చెప్పగలిగింది ఒకటే. ఒక వంద పేజీల నోటుపుస్తకం కొని, పొద్దున్నే మూత్రానికి వెళ్ళివచ్చాక, కాఫీ తాగకముందు, అవే బట్టలతో బరువు చూసి రాయండి. మా అమ్మకు రెండు రోజుల్లో కిలోన్నర పెరిగిన రోజునే మేం ఫోన్ చేసేవాళ్ళం, ఆయాసం వచ్చేదాకా ఆగేవాళ్ళం కాదు. డాక్టరుగారు మా ఫైలు కంటే ఆ పుస్తకాన్నే ముందు అడిగేవారు.

జవాబు: జనరల్ మెడిసిన్ డాక్టరు, కాకినాడ

ఇద్దరి ప్రశ్నలకూ కలిపి రాస్తాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఏ మందు ఎంత వాడాలన్నది ఆయనను చూస్తున్న గుండె డాక్టరుగారే నిర్ణయించాలి. అంకెల వెనక ఉన్న విషయం మాత్రం మీకు అర్థమయ్యేలా చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

గుండె పంపే రక్తంలో ఇంచుమించు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. పంపింగ్ తగ్గితే కిడ్నీకి రక్తం చాలక అది దెబ్బతింటుందని మేమంతా చదువుకున్నాం. అది నిజమే కాని సగం నిజం. మీది డెల్టా కాబట్టి మీ చేను ఉదాహరణతోనే చెబుతాను. ధవళేశ్వరం నుంచి కాలువకు నీరు సరిగా రాకపోతే చేను ఎండుతుంది. అయితే కోనసీమ రైతుకు అంతకంటే ఎక్కువసార్లు ఎదురయ్యే కష్టం వేరు: వానలకు మురుగు డ్రెయిను నిండి, మొగ దగ్గర సముద్రం పోటు మీద ఉంటే చేలో నీరు బయటకు పోయే దారే ఉండదు, ఎగువన కాలువ నిండుగా పారుతున్నా పైరు కుళ్ళిపోతుంది. కిడ్నీకి ధమని పంటకాలువ అయితే సిర మురుగు డ్రెయిను. బలహీనమైన గుండె వెనక రక్తం నిలిచిపోయి సిరల్లో ఒత్తిడి పెరిగితే, కిడ్నీలో రక్తం ముందుకు కదలదు, వడపోత తగ్గుతుంది. సిర ఒత్తిడి పెంచితే మూత్రం తగ్గుతుందని 1931లోనే వింటన్ అనే శాస్త్రవేత్త కుక్క కిడ్నీల మీద చూపించాడు. అయినా చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2009లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు తీవ్రమైన గుండె వైఫల్యంతో చేరినవారిని పరిశీలించినప్పుడు, కిడ్నీ పనితీరు దిగజారడానికి గుండె ఎంత రక్తం పంపుతోందన్నదాని కంటే సిరల్లో ఒత్తిడి ఎంత ఉందన్నదే దగ్గరి సంబంధం కలిగి ఉందని తేలింది. దీనికి తోడు కిడ్నీ తనకు రక్తం చాలడం లేదనుకుని రెనిన్, ఆంజియోటెన్సిన్, ఆల్డోస్టెరోన్ హార్మోన్లను రేపి ఉప్పునూ నీటినీ ఇంకా పట్టి ఉంచుతుంది. దానితో గుండె మీద బరువు మరింత పెరుగుతుంది. ఈ రెండు అవయవాలూ ఒకదాన్నొకటి లాగి కింద పడేసుకునే స్థితినే కార్డియోరీనల్ సిండ్రోమ్ అంటారు. 2008లో రోంకో, ఆయన సహచరులు దాన్ని ఐదు రకాలుగా విభజించారు. మీ నాన్నగారిది గుండె నుంచి మొదలైన రకం.

ఇప్పుడు 1.7 సంగతి. ఆరు కిలోల నీరు ఐదు రోజుల్లో బయటకు పోయింది, వాపు తీసింది, మనిషి చదునుగా పడుకుంటున్నారు. అదే సమయంలో క్రియాటినిన్ 0.4 పెరిగింది. మనిషి మెరుగవుతుండగా జరిగే ఈ పెరుగుదలను, వాపు అలాగే ఉండి, మూత్రం తగ్గి, బీపీ పడిపోతుండగా జరిగే పెరుగుదలతో కలిపి ఒకే గాటన కట్టకూడదు. మొదటిదానిలో నీరు తగ్గినందువల్ల వడపోత తాత్కాలికంగా తగ్గుతుంది, రెండోదానిలో కిడ్నీ నిజంగా మునిగిపోతోంది. 2018లో అమెరికా పరిశోధకులు, గట్టి మోతాదులో నీరు తీసిన గుండె రోగుల మూత్రంలో ఎన్‌గాల్, కిమ్-1, ఎన్‌ఏజీ అనే మూడు సూచికలను కొలిచారు. ఇవి కిడ్నీ గొట్టాల కణాలు దెబ్బతిన్నప్పుడు మూత్రంలోకి వచ్చే పదార్థాలు. నీరు తీస్తుండగా క్రియాటినిన్ పెరిగినవారిలో ఈ సూచికలు పెరగలేదు. అంటే అంకె మారినంత మాత్రాన కణం చచ్చిపోలేదు. నా వార్డులో నేను ఎక్కువగా భయపడేది క్రియాటినిన్ కొంచెం పెరిగి వాపు పూర్తిగా తీసినవారి గురించి కాదు. క్రియాటినిన్ అందంగా 1.2 దగ్గర ఉండి, మెడ సిరలు ఇంకా ఉబ్బి ఉండగానే ఇంటికి వెళ్ళినవారి గురించి.

స్టేజ్ 3బి అన్న అచ్చు మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈజీఎఫ్ఆర్ అనేది క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవాటిని బట్టి వేసే లెక్క. క్రియాటినిన్ ఒకచోట నిలకడగా ఉన్నప్పుడే ఆ లెక్క సరిపోతుంది, రోజురోజుకూ మారుతున్నప్పుడు సరిపోదు. పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనడానికి ఆ తగ్గుదల మూడు నెలలకు మించి ఉండాలి. కంప్యూటరుకు ఈ సంగతులు తెలియవు. అదే లెక్కన 1.3 ఉన్నప్పుడు కూడా మీ నాన్నగారి ఈజీఎఫ్ఆర్ 59 దగ్గర ఉండేది. అంటే పూర్తిగా బాగున్న కిడ్నీ అని కూడా చెప్పడం లేదు. పదేళ్ళ షుగరు ఉంది కాబట్టి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి తప్పక చేయించండి. 30 లోపు ఉంటే మామూలు, 300 దాటితే కిడ్నీ వడపోత గట్టిగా దెబ్బతిన్నట్టు. గుండెకూ కిడ్నీకీ రాబోయే ముప్పును ఒకేసారి చెప్పే చవకైన పరీక్ష ఇది. మన దగ్గర దీన్ని అడిగేవారే తక్కువ. రాసేవారు ఇంకా తక్కువ, అందుకు నాకు చాలా బాధగా ఉంటుంది.

ఎన్‌గాల్ గురించి అడిగారు. కిడ్నీకి దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే అది పెరుగుతుంది, క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందువల్ల దాని మీద మేమంతా ఎంతో ఆశ పెట్టుకున్నాం. గుండె వైఫల్యంతో చేరినవారి మీద చేసిన అకినెసిస్ అధ్యయనం 2016లో వెలువడినప్పుడు, రాబోయే కిడ్నీ దెబ్బను ముందుగా పసిగట్టడంలో ఎన్‌గాల్ మామూలు క్రియాటినిన్ కంటే మెరుగు కాదని తేలింది. మీరు దానికి డబ్బు పెట్టనక్కరలేదు. సిస్టాటిన్-సి వేరు. అది కండరం మీద ఆధారపడదు, శరీరంలో కేంద్రకమున్న ప్రతి కణమూ దాన్ని తయారుచేస్తుంది. గుండె జబ్బుతో చిక్కిపోయి కండ కరిగిన వృద్ధుల్లో క్రియాటినిన్ ఉన్నదాని కంటే మంచి బొమ్మ చూపిస్తుంది. అలాంటివారికి సిస్టాటిన్-సి నిజం చెబుతుంది. అయితే స్టెరాయిడ్లు, థైరాయిడ్ తేడాలు, పొగాకు దాన్ని మారుస్తాయి. పరిస్థితి కుదుటపడ్డాక, మూడు నెలల వేళ ఒకసారి చేయిస్తే ఉపయోగం, ఇప్పుడు కాదు.

పాలకొల్లు అమ్మాయికి: మీ అమ్మగారి విషయంలో జరిగింది యాదృచ్ఛికం కాదు. ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ, పొట్ట లోపల ఉండే పొరల కణాలు నీటి ఒత్తిడికి, వాపుకు లోనైనప్పుడు సీఏ-125ను విడుదల చేస్తాయి. కిడ్నీ పనితీరు దాన్ని పెద్దగా మార్చదు కనుక, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని నమ్మలేని కిడ్నీ రోగుల్లో ఒంట్లో నీరు ఎంత ఉందో చూడటానికి దాన్ని వాడే వైద్యులున్నారు. అది నెమ్మదిగా తగ్గుతుంది, వారాలు పడుతుంది. స్కానింగు చేసి అండాశయాలు చూడటం మాత్రం సరైన పనే, దాన్ని వదిలేయకూడదు.

ఉద్దానం జబ్బుకూ దీనికీ సంబంధం కనిపించడం లేదు. అది శ్రీకాకుళం తీరంలో, చాలామందిలో షుగరు లేకుండానే, వాపు లేకుండా చాపకింద నీరులా వచ్చే జబ్బు. మీ నాన్నగారికి కారణాలు కళ్ళముందే ఉన్నాయి.

మందుల మాట. శాక్యుబిట్రిల్-వల్సార్టన్ వంటి మందులు మొదలుపెట్టాక క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగితే సాధారణంగా ఆపము, కనిపెట్టి చూస్తాము. డాపాగ్లిఫ్లోజిన్ కూడా మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్‌ను కొద్దిగా దించి, తరవాత ఏళ్ళ తరబడి కిడ్నీని నిలబెడుతుంది. ఆ మందు చేసే మేలు గుండె రోగుల్లో 2019లోనూ, కిడ్నీ రోగుల్లో 2020లోనూ వెలువడిన పెద్ద అధ్యయనాల్లో కనిపించింది. మీ నాన్నగారిది 31 శాతం దగ్గర పెరిగింది, అందులో నీరు తీయడం వాటా కూడా ఉంది. ఇది అన్నీ ఒక్కసారిగా మాన్పించే అంకె కాదు. వారం రోజుల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడవలసిన అంకె. మందులన్నీ ఒకేసారి ఆపితే వారం పది రోజుల్లో ఆ ఆరు కిలోలూ తిరిగి రావచ్చు, అప్పుడు కిడ్నీ కూడా మునుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: వైనతేయ తీరం

కాగితాలు మళ్ళీ చూశాను. భీమవరం వారు చెప్పినట్టే మొదటిది బీఎన్‌పీ, రెండోది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. పరీక్ష పేరు చదవాలన్న సంగతే మాకు తోచలేదు. గుండె డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన కూడా వారంలో రక్తపరీక్ష చేయించి రమ్మన్నారు.

డాక్టరుగారికి మరో రెండు సంగతులు చెప్పాలి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. ఆసుపత్రిలో చేరకముందు నెలరోజులుగా ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర వారానికి రెండుసార్లు నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని, మధ్యలో డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకున్నారట. ఇది నిన్ననే అమ్మ చెప్పింది. రెండోది, కిడ్నీకి మంచిదని ఎవరో అంటే ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజూ రెండు కొబ్బరి బోండాలు దింపించి తాగుతున్నారు. సొంత తోట కాబట్టి అడ్డు చెప్పేవారు లేరు. డిశ్చార్జి రోజు పొటాషియం 4.8.

జవాబు: జనరల్ మెడిసిన్ డాక్టరు, కాకినాడ

మీరు రాసిన ఈ రెండు సంగతులూ నేను పైన రాసిన సూచికలన్నిటికంటే ముఖ్యమైనవి. ఈ రోజే ఆయన గుండె డాక్టరుగారికి చెప్పండి.

కిడ్నీలోకి వచ్చే చిన్న ధమనిని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు అడ్డుకుంటాయి. ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి లాసిక్స్ పనిచేయకుండా చేస్తాయి. బలహీనమైన గుండె ఉన్న మనిషి నెలరోజులు వాటిని వాడితే ఆయాసంతో ఆసుపత్రికి రావడానికి అదొక్కటే చాలు. మీ నాన్నగారు ఆ నాలుగు రాత్రులు కూర్చుని గడపడానికి అది కూడా ఒక కారణమై ఉండవచ్చు. నీరు పోయే మాత్ర, వల్సార్టన్ జాతి మందు, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒక మనిషిలో కలవకూడదు. మోకాళ్ళకు పారాసెటమాల్, కాపడం, వ్యాయామం గురించి అడగండి. ఆర్ఎంపీగారికి కూడా మర్యాదగా, స్పష్టంగా చెప్పండి, ఆయన ఈ సంగతి తెలియక చేసి ఉంటారు.

గ్లాసుడు కొబ్బరినీళ్ళలో ఇంచుమించు 500 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్, వల్సార్టన్ రెండూ పొటాషియంను ఒంట్లో నిలిపి ఉంచేవే. ఆపైన కిడ్నీ మందగించి ఉంది. ఈ పరిస్థితిలో రోజుకు రెండు బోండాలు ప్రమాదం. పొటాషియం 6 దాటితే ముందు ఏ నొప్పీ లేకుండానే గుండె లయ తప్పవచ్చు. ఈ రోజు నుంచి ఆపండి, వారం ఆగకుండా రేపే పొటాషియం చూపించండి. రక్తం తీసేటప్పుడు చెయ్యి గట్టిగా కట్టి, గుప్పిట పదేపదే బిగించమంటే ఆ అంకె అబద్ధంగా పెరుగుతుంది, ఆ సంగతి ల్యాబువారికి గుర్తుచేయండి. మార్కెట్లో సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అది కూడా వద్దు. ఉప్పు తగ్గించడమంటే ఊరగాయ, ఎండుచేప, అప్పడం తగ్గించడం.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం బాగా తగ్గినా, లేవగానే కళ్ళు తిరిగినా అదే రోజు ఫోన్ చేయండి. అలాంటి రోజుల్లో ఏ మందు తాత్కాలికంగా ఆపాలో ముందే ఆయనచేత కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు: వైనతేయ తీరం (మూడు వారాల తరవాత)

ఆలస్యానికి మన్నించండి. ఆ మర్నాడు చేసిన పరీక్షలో పొటాషియం 5.6 వచ్చింది. గుండె డాక్టరుగారు స్పైరనోలాక్టోన్ ఒక్కటే పది రోజులు ఆపించి, తరవాత సగం మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. మిగతావి దేన్నీ ఆపలేదు. బోండాలు, నొప్పి మాత్రలు పూర్తిగా మానేశారు. నిన్నటి పరీక్షలో పొటాషియం 4.6, క్రియాటినిన్ 1.5, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,340. ఇవన్నీ ఒకే ల్యాబులో చేయించాం. మూత్రంలో అల్బుమిన్ నిష్పత్తి 180 వచ్చింది. షుగరు వల్ల కిడ్నీకి ముందే కొంత దెబ్బ ఉందని, మూడు నెలల తరవాత సిస్టాటిన్-సితో కలిపి మళ్ళీ చూస్తామని చెప్పారు.

పాలకొల్లు అక్కగారూ, నోటుపుస్తకం కొన్నాం. నాన్నగారే పొద్దున్నే బరువు చూసుకుని తన చేత్తో రాసుకుంటున్నారు. ధాన్యం లెక్కలు రాసినట్టే తారీఖు, బరువు, పక్కన సంతకం పెడుతున్నారు. ఇవాళ 67.4.